రెండుసార్లు ఆగిన బౌలర్

అంపైర్ పరీక్షకు చదువుతున్న పిల్లలు ఈ మధ్య జనగామలో మా ఇంటికి వస్తున్నారు. నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, ఫోన్లో ఏవో విదేశీ మ్యాచ్‌ల ముక్కలు చూపించి, "ఇది ఔటా కాదా సార్" అని అడుగుతారు. ఔటో కాదో చెప్పడం పెద్ద కష్టం కాదు, ఆ పని ఇప్పుడు కెమెరాలే చేస్తున్నాయి. నేను చేసిన తప్పుల్లో ఏది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోందని మాత్రం ఎవరూ అడగరు. మర్యాదస్థుల పిల్లలు, అందుకే అడగరు. కాబట్టి నేనే చెబుతున్నాను.

పదవులు, పతకాలు, శాలువాలు ఇందులో ఉండవు. శాలువాలు మా ఆవిడ ఎప్పుడో బీరువా అడుగున మడతపెట్టేసింది.

చింతగింజలు

ముప్పై ఏళ్ళు చుట్టుపక్కల బడుల్లో పీఈటీగా పనిచేశాను. జీతం ఆ పనికే వచ్చింది. కానీ జనగామ బజారులో నన్ను ఎవరైనా గుర్తుపడితే అంపైర్‌గానే గుర్తుపడతారు, అదీ ఏదో పాత ఎల్బీడబ్ల్యూని తలుచుకుని తిట్టుకుంటూ. నా పేరు యాకూబ్. మా దిక్కు ఈ పేరు ముస్లింలలోనూ ఉంటుంది, హిందువులలోనూ ఉంటుంది. మేము ఇంట్లో దక్కనీ మాట్లాడుకునే ముస్లింలం. కొత్త ఊళ్ళో మ్యాచ్‌కు వెళ్తే టాస్‌కు ముందే రెండు జట్లూ నేను ఎవరి మనిషినో ఆరా తీసేవి. పేరును బట్టి తేలేది కాదు. అంపైర్‌కు అంతకంటే మంచి పేరు దొరకదు.

నాకు పని నేర్పింది సమ్మయ్య సార్. భూపాలపల్లిలో బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. వారానికి ఒక్క సెలవు దొరికితే ఆ రోజు తెల్లకోటు వేసుకుని మైదానంలో నిలబడేవాడు. ఆరు రోజులు భూమిలోపల ఉన్న మనిషికి ఏడో రోజు ఎండ తగిలితే చాలట. నా మొదటి మ్యాచ్ రోజు ఆయన నా చేతిలో ఆరు చింతగింజలు పెట్టాడు. బంతి పడ్డప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారాలి, కుడి జేబు ఖాళీ అయితే ఓవర్ అయిపోయినట్టు. ఇంత సులువైన లెక్క ఎవరు తప్పుతారని లోపల నవ్వుకున్నాను.

మూడో మ్యాచ్‌లో తప్పాను. ఎడమ జేబుకు చిల్లి పడింది. మారిన గింజ ఒకటి పాంటులోంచి జారి నా బూటు పక్కనే పడింది. అది చూసి, కుడి జేబులోనిదే పడిపోయిందనుకుని తీసి మళ్ళీ అందులోనే వేశాను. ఆ ఓవర్‌కు ఏడు బంతులు వేయించాను. ఏడో బంతికి ఫోర్ పోయింది. సాయంత్రం సమ్మయ్య సార్‌కు ఏడుపు గొంతుతో చెబితే ఆయన బీడీ ఆర్పేసి రెండు మాటలు చెప్పాడు.

"ఒకటి, అయిన తప్పును సరిచేద్దామని అవతలోళ్ళకు ఇంకో తప్పుడు ఔట్ ఇయ్యకు. రెండు, రిపోర్టుల పిలగాళ్ళ తప్పులు రాస్తవ్ గదా, నీ తప్పు గూడ రాయి."

మొదటి మాట జీవితాంతం పాటించాను. రెండో మాట మాత్రం ఆయన చాదస్తం అనుకున్నాను. తన తప్పు తానే రాసుకున్న అంపైర్‌ను నేను అప్పటికి చూడలేదు, సమ్మయ్య సార్ తప్ప.

అవ్వతోడు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు మన ఆట ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలి. మన ఊళ్ళలో టెన్నిస్ బంతి మ్యాచ్‌లకు అంపైర్లు ఎవరు? బ్యాటింగ్ జట్టువాళ్ళే. తన వంతు ఇంకా రానివాడు వెళ్ళి నిలబడతాడు. వాడు తన తమ్ముడికి ఔటిస్తాడా? ఇవ్వడు. అందుకే ఎల్బీడబ్ల్యూ అనేదే తీసేశారు. మరి బంతి బ్యాటుకు తగిలి కీపర్ చేతిలో పడితే ఎట్లా? అప్పుడు బ్యాట్స్‌మన్ తల్లిమీద ఒట్టేసి "అవ్వతోడు తగల్లే" అనాలి. అంటే నాటౌట్. నోరు మెదపకపోతే ఔట్. విదేశాల్లో కోట్లు పోసి యంత్రాలు పెట్టుకుని చేసే రివ్యూను మేము ఉచితంగా చేసుకునేవాళ్ళం. మాది వాళ్ళ యంత్రం కన్నా పెద్దగా తప్పేది కూడా కాదు.

అట్లా పెరిగిన పిల్లలకు అంపైర్ అంటే 'మనవాడు' అని ఒంట్లో పట్టిపోయింది. వాడు మనవాడు కాకపోతే అవతలివాడు. ఎవరివాడూ కానివాడు ఒకడుంటాడంటే నమ్మరు. మీరు కోటు వేసుకుని వెళ్ళి నిలబడే చోటు ఇది.

జనగామలో ఒక బ్యాంకు మేనేజరు ఆడేవాడు. చాలా నిజాయితీపరుడని పేరు. బంతి బ్యాటుకు తగిలితే అంపైర్ వేలు కోసం చూడకుండా తనే నడిచి వెళ్ళిపోయేవాడు. నడుస్తూ నడుస్తూ నావైపు ఒక చిరునవ్వు నవ్వేవాడు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. ఒక ఫైనల్లో బంతి ఆయన బ్యాటును తాకిన చప్పుడు నాకు సగం వినిపించింది. ఆయన కదల్లేదు. ఆకాశం వైపు చూస్తూ గ్లౌజు సర్దుకుంటున్నాడు. తగిలి ఉంటే ఈపాటికి వెళ్ళిపోయేవాడే కదా అనుకుని నాటౌట్ ఇచ్చాను. ఆయన ఆ మ్యాచ్ గెలిపించాడు. బహుమతులు పంచేటప్పుడు నా చేయి పట్టుకుని అదే చిరునవ్వు నవ్వాడు.

సమ్మయ్య సార్ విని పెద్దగా నవ్వాడు. ఆయన చెప్పింది ఇదీ: ఉత్త మ్యాచ్‌ల్లో పదిసార్లు నడిచి వెళ్ళి పేరు కూడబెట్టుకున్నాడు, ఫైనల్లో ఆ పేరు వాడుకున్నాడు. నాకు బోధపడింది ఇంకొకటి ఉంది. మేనేజరును అవ్వతోడు అనమని ఎవరూ అడగరు. పెద్దమనిషి మౌనాన్ని నిజం కింద జమకట్టేస్తాం. చిన్నవాళ్ళ మౌనాన్ని దేని కింద జమకడతామో తర్వాత చెబుతాను.

టీవీలో చూసిన ఆట

మొదట్లో మా పిల్లల మోసాలు మావే. గీత చెరిపేసి కొత్తగా గీయడం, బంతి కాలువలో పడితే ఇంకో బంతి తెచ్చి ఇదే అది అనడం లాంటివి. టీవీ వచ్చాక అంతర్జాతీయ స్థాయి అందుకున్నారు.

విదేశీ జట్టువాళ్ళు జేబులో ఉప్పుకాగితం పెట్టుకుని బంతిని రుద్దుతూ కెమెరాకు దొరికిపోయారు, కెప్టెన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, గుర్తుందా? ఆ తర్వాత కొద్దిరోజులకే దంతాలపల్లిలో ఒక బౌలర్ దగ్గర వడ్రంగివాళ్ళ ఉప్పుకాగితం దొరికింది. ఆడుతున్నది టెన్నిస్ బంతి. దాన్ని రుద్దితే నూగు ఊడి బోడి అవుతుంది తప్ప గాలిలో తిరగదు. ఈ సంగతి వాడికి తెలియదు. పట్టుకుంటే, పెద్దపెద్దోళ్ళే చేస్తున్నరు గద సార్ అన్నాడు. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది.

తిట్లు కూడా అంతే. భూపాలపల్లిలో ఒక కీపర్ స్టంపు మైకుల్లో విన్న ఇంగ్లీషు తిట్లన్నీ కంఠస్థం చేశాడు. వాటి అర్థం వాడికీ తెలియదు, బ్యాట్స్‌మన్‌కూ తెలియదు. ఓవర్ మధ్యలో బ్యాట్స్‌మన్ నా దగ్గరికి వచ్చి అదేమన్నాడో చెప్పమన్నాడు. ఎండ ఎక్కువగా ఉందంటున్నాడని చెప్పాను. నిజమే అని తలూపి వెళ్ళి ఆడుకున్నాడు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదే.

మన సొంత తిట్లకు ఒక అందం ఉండేది. ముందు 'అన్నా' అని పిలిచి, తర్వాత గుచ్చేవాళ్ళు. "అన్నా, ఆఖరి బస్సు ఐదింటికే, జల్ది కానియ్యి." దానికి ఎవరూ బాధపడరు, నవ్వుకుంటారు. విదేశీ జట్లేమో తిట్టడానికి తమకొక హద్దు ఉందనీ, అది ఎన్నడూ దాటమనీ చెప్పుకుంటాయి. ఆ హద్దు ఎక్కడుందో తిట్టేవాడికే తెలుసు, తిట్లు తిన్నవాణ్ణి ఎవరూ అడగరు.

నాకు ఆ హద్దు ఒకసారి తెలిసొచ్చింది. రాష్ట్రం విడిపోకముందు మా కుర్రాళ్ళను తీసుకుని కోస్తా వైపు వెళ్ళాను. వాళ్ళ ఫీల్డర్లు మా మాటను సినిమాల్లో కామెడీవాళ్ళు పలికినట్టు సాగదీసి పలుకుతూ పొద్దంతా నవ్వారు. మావాడు 'గిట్లెట్ల' అంటే చాలు, పదకొండు మందీ 'గిట్లెట్ల' అనేవాళ్ళు. రెండు గంటల తర్వాత మావాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే మానేశారు. పరుగుకు పిలుచుకోవడం కూడా మానేసి ఇద్దరు రనౌట్ అయ్యారు. తిరుగు రైల్లో నేను ఎంత మండిపడ్డానో నాకే తెలుసు. ఇంటి భాషను ఎగతాళి చేసేవాడు మనిషి కాదని ఉపన్యాసం ఇచ్చాను. పిల్లలందరూ శ్రద్ధగా విన్నారు. నేను మాత్రం నా మాటలు వినలేదని తర్వాత తేలింది.

మానుకోట మ్యాచ్

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అంటాం. తొమ్మిదేళ్ళ కింద అక్కడ అమ్మాయిల సెలక్షన్ మ్యాచ్ జరిగింది. మూడు జిల్లాల అమ్మాయిలను రెండు జట్లుగా చేసి ఆడించారు. బాగా ఆడినవాళ్ళకు రాష్ట్ర క్యాంపు. క్యాంపుకు వెళ్ళినవాళ్ళకు క్రీడా హాస్టల్లో సీటు, అంటే చదువు, తిండి, ఆట అన్నీ దొరికినట్టే.

అందులో గూడూరు దగ్గర తండా నుంచి వచ్చిన పిల్ల, ధరావత్ లలిత. పదిహేడేళ్ళు ఉంటాయి. ఎడమచేతి స్పిన్ బౌలర్. సీటు రాకపోతే చదువు ఆపేసి తల్లితో పాటు మిర్చి ఏరడానికి పోవాల్సిందేనని ఆమెను తీసుకొచ్చిన టీచరమ్మ పొద్దున్నే నాకు చెప్పింది. నాకెందుకు చెప్పిందో అప్పుడు అర్థం కాలేదు. జర చూసుకోండి అని చెప్పడం కాబోలు అనుకుని, అంపైర్‌కు అట్లాంటివి చెప్పకూడదని ఆమెనే మందలించాను.

ముందు లలిత జట్టు బ్యాటింగ్. ఆమె చివర్లో దిగి, అవతల ఉన్న అమ్మాయిని పరుగుకు పిలిచింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల కదా, తెలుగు కొంచెం వేరే యాసలో పలుకుతుంది. స్లిప్‌లో ఉన్న అమ్మాయి ఆ పిలుపును అచ్చం అట్లాగే పలికింది. కీపర్ నవ్వింది. తర్వాత ప్రతి బంతికీ ఇద్దరో ముగ్గురో పలికారు. లలిత పిలవడం మానేసింది. నేను పిచ్ ఇవతలి కొసన నిలబడి అంతా విన్నాను. ఆట అన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాను. రైల్లో ఉపన్యాసం ఇచ్చిన మనిషిని నేనే.

మధ్యాహ్నం లలిత బౌలింగ్ చేసింది. అంత మంచి స్పిన్ మా జిల్లాల్లో నేను చూడలేదు. మూడు వికెట్లు తీసింది. ఆఖరి ఓవర్ వచ్చేసరికి అవతలి జట్టుకు ఏడు పరుగులు కావాలి, మిగిలింది ఒక్క వికెట్. మొదటి బంతికి లలిత పరుగెత్తుకొచ్చి, నా పక్కన ఆగిపోయింది. నా ముఖం చూసింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. ఈసారి చేత్తో కింద ఏదో చూపించింది. ఫీల్డర్‌ను జరుపుతోంది కాబోలు, భయానికి అడుగులు తప్పుతున్నాయి కాబోలు అనుకున్నాను. "బాల్ ఎయ్యి బిడ్డా, టైం అయితుంది" అన్నాను, దయగానే.

మూడోసారి వచ్చి, బంతి వేయకుండా నా ముందున్న వికెట్లు పడగొట్టి అపీల్ చేసింది. నాన్-స్ట్రైకర్ క్రీజు దాటి రెండు బారల దూరంలో ఉంది.

నిబంధన ప్రకారం అది ఔట్. అప్పుడూ ఔటే, ఇప్పుడూ ఔటే. ముందు హెచ్చరించాలని ఏ పుస్తకంలోనూ లేదు. కానీ మా ఊరి ఆటలో ఉంది. ఒకసారి వార్నింగ్ ఇచ్చి, రెండోసారి ఔట్ చేయాలన్నది అందరికీ తెలిసిన మాట. అందరికీ తెలిసిన మాట కదా, పుస్తకంలో కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళు అంపైరింగ్ చేసినవాణ్ణి, ఆ క్షణంలో నా నోటికి పుస్తకం రాలేదు, ఊరే వచ్చింది. పొద్దంతా ఎగతాళి చేసిన అమ్మాయిలే బౌండరీ దగ్గర లేచి నిలబడి ఇది క్రీడాస్ఫూర్తి కాదని అరుస్తున్నారు. క్రీడాస్ఫూర్తి ఎప్పుడూ నష్టపోతున్న జట్టు దగ్గరే దండిగా దొరుకుతుంది.

నేను కవర్స్‌లో ఉన్న లలిత జట్టు కెప్టెన్‌ను పిలిచి, వార్నింగ్ ఇచ్చారా అని అడిగాను. లేదంది. లలిత నోరు తెరవబోయింది. నేను చేయి అడ్డంపెట్టి, కెప్టెన్‌తో మాట్లాడుతున్నానని చెప్పాను. అపీల్ వాపస్ తీసుకుంటే మర్యాదగా ఉంటుందని కెప్టెన్‌కు సలహా కూడా ఇచ్చాను. అంపైర్ అట్లాంటి సలహా ఇవ్వకూడదు. కెప్టెన్ చుట్టూ చూసి వాపస్ తీసుకుంది. చప్పట్లు మోగాయి. ఆఖరి బంతికి అవతలి జట్టు గెలిచింది.

సాయంత్రం రిపోర్టులో ఒక వాక్యం రాశాను: "బౌలర్ ముందస్తు హెచ్చరిక లేకుండా నాన్-స్ట్రైకర్‌ను ఔట్ చేయబోయింది, క్రీడాస్ఫూర్తి కొరవడింది." సెలక్షన్ చూసే ప్రభాకర్ అది చదివి మెచ్చుకున్నాడు. క్యాంపు జాబితాలో లలిత పేరు రాలేదు. ఇంటికొచ్చి ఆట పరువు కాపాడానని మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను. ఆమె క్రికెట్ ఎన్నడూ చూడదు. అన్నం వడ్డిస్తూ, ఆ పిల్లను అడిగారా అని ఒక్క మాట అడిగింది. అంపైర్ కెప్టెన్‌నే అడుగుతాడని ఆమెకు పాఠం చెప్పాను.

చాయ్ హోటల్లో న్యాయం

కొన్నేళ్ళకు ఒక అంతర్జాతీయ మ్యాచ్‌లో మన బౌలర్ విదేశీ నాన్-స్ట్రైకర్‌ను అచ్చం అట్లాగే ఔట్ చేసింది. జనగామ చాయ్ హోటల్లో టీవీ ముందు నిలబడి చూశాను. హోటలంతా ఈలలు. విదేశీ పెద్దలు క్రీడాస్ఫూర్తి అంటూ ముక్కు చీదుతున్నారు. వాళ్ళు గెలిచిన రోజుల్లో అది ఎక్కడ దాచుకున్నారో మావాళ్ళు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని మరీ నవ్వుతున్నారు. ఆ ఔట్‌ను నిబంధనల పుస్తకంలో మోసాల అధ్యాయంలోంచి తీసి మామూలు రనౌట్ల కింద పెట్టారని కూడా ఆ రోజుల్లోనే చదివాం.

పక్క బెంచీ మీద ప్రభాకర్ కూర్చున్నాడు. "బరాబర్ ఔట్. రూలంటే రూలే" అని అందరికీ వినిపించేట్టు అన్నాడు. నావైపు చూసి అవునా కాదా అన్నట్టు తలెగరేశాడు. నేను అవునన్నాను. మానుకోట మ్యాచ్ ఆయనకు గుర్తులేదు. నాకు గుర్తుంది. అడుగుదామని నోటిదాకా వచ్చింది, కానీ ఆ రిపోర్టు మీద ఉన్న సంతకం ఆయనది కాదు, నాది. చాయ్ అట్లాగే వదిలేసి వచ్చాను. సిగ్గేసింది. సిగ్గేసినా ఏమీ చేయలేదు, అది ఇంకా పెద్ద సిగ్గు.

నాలుగో ప్రశ్న

పోయిన ఏడాది కొత్త అంపైర్లకు పరీక్ష పెట్టారు. రిటైరయ్యాను కదా, నోటి ప్రశ్నలు నన్ను అడగమన్నారు. మానుకోటలో ఒక బడి గది. పక్క కుర్చీలో ప్రభాకర్. పదకొండు మంది వచ్చారు, అందులో ఒక్కతే ఆడమనిషి. ఆమె పేరు రెండుసార్లు చదివాను. ధరావత్ లలిత, గూడూరు మండలం. ఆ ఏడు మిర్చి ఏరడానికి పోయిందట. తర్వాత ఓపెన్ డిగ్రీ చదివి, గంగారం వైపు ఒక గిరిజన బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పుతోందట.

ఆమెను పిలవకముందే ప్రభాకర్ ఒక పాత కాగితం బయటికి తీశాడు. నా చేతిరాత నేను వెంటనే గుర్తుపట్టాను.

"ఈ పిల్ల మీద మీ రిపోర్టే ఉన్నది గద సార్. గిసొంటోళ్ళకు కోటు తొడిగితే రేపు మనకే మాటొస్తది."

నేను ఏదో అనబోయేంతలో ఆమె లోపలికి వచ్చింది. నమస్తే సార్ అంది. నన్ను గుర్తుపట్టినట్టు ముఖంలో ఎక్కడా లేదు. మొదటి మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పింది. నాలుగో ప్రశ్న నా ముందున్న కాగితంలో అచ్చువేసి ఉంది. దాన్ని వదిలేసి ఐదోదానికి పోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. వదలలేదు, అడిగాను. నాన్-స్ట్రైకర్‌ను రనౌట్ చేసేముందు బౌలర్ వార్నింగ్ ఇవ్వాలా?

"అవసరం లేదు సార్" అంది. నావైపు చూసి, "కాని నేను రెండుసార్లు ఇచ్చిన" అంది.

ప్రభాకర్ ఏందన్నట్టు తలెత్తాడు. నాకు మాత్రం ఆ రెండుసార్లూ కళ్ళముందుకు వచ్చాయి. పరుగెత్తుకొచ్చి ఆగడం, నా ముఖం చూడటం, చేత్తో కింద చూపించడం. ఆమె చూపించింది ఫీల్డర్‌ను కాదు, క్రీజు గీతను. ఎనిమిదేళ్ళు నేను దాన్ని భయం కింద జమకట్టుకున్నాను.

"మరి నోటితోని చెప్పలేదేందమ్మా?" అని అడిగాను.

"పొద్దుగాల నేను మాట్లాడితే అందరు నవ్విన్రు గద సార్. మీరు గూడ విన్నరు."

కోపంగా అనలేదు. స్కోరు చెప్పినట్టు చెప్పింది. నేను మిగతా ప్రశ్నలు అడిగాను, ఆమె జవాబులు చెప్పింది, వెళ్ళిపోయింది. బల్లమీద ఉన్న పాత రిపోర్టును దగ్గరికి లాక్కుని దాని కింద రాశాను: "పై వాక్యం తప్పు. బౌలర్ రెండుసార్లు హెచ్చరించింది, అంపైర్ చూడలేదు. హెచ్చరించకపోయినా అది ఔటే. అపీల్ వాపస్ తీసుకోమన్నది కూడా అంపైరే. క్రీడాస్ఫూర్తి కొరవడింది అంపైర్‌కే." సంతకం చేసి ప్రభాకర్ ముందు పెట్టాను. గింత పాతదానికి ఇప్పుడెందుకు సార్ అన్నాడు. పాతది పనికిరాకపోతే ఇందాక ఎందుకు బయటికి తీశావని అడిగాను. ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. లలితకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, అవి నేను దయతలచి వేసినవి కావు.

ఆమె క్యాంపు, హాస్టల్ సీటు ఆ కాగితంతో తిరిగి రావు. సమ్మయ్య సార్ చెప్పిన రెండో మాట పాటించడానికి నాకు ఒక ఉద్యోగం మొత్తం పట్టింది. ఆయన ఇప్పుడు లేడు, ఉంటే బీడీ ఆర్పేసి నవ్వేవాడు.

దంతాలపల్లి ఆదివారం

లలిత అంపైర్‌గా నిలబడ్డ మొదటి మ్యాచ్ దంతాలపల్లిలో జరిగింది. పిలవకపోయినా వెళ్ళాను. మ్యాచ్‌కు ముందు ఆమె దగ్గరికి వెళ్ళి, ఎనిమిదేళ్ళుగా అనవలసిన మాట అన్నాను. తప్పు నాదమ్మా అన్నాను. ఆమె తలూపింది, పర్వాలేదు సార్ అనలేదు. అనకపోవడమే నాకు నచ్చింది. జేబులోంచి ఆరు చింతగింజలు తీసి ఇవ్వబోయాను. ఆమె చేతిలో నొక్కితే అంకె మారే చిన్న యంత్రం ఉంది, ఇది ఉన్నది గద సార్ అంది. గింజలు మళ్ళీ జేబులో వేసుకున్నాను.

రెండో ఇన్నింగ్స్‌లో, మ్యాచ్ బిగుసుకున్నాక, ఒక సన్నపాటి కుర్ర బౌలర్ పరుగెత్తుకొచ్చి ఆమె పక్కన ఆగిపోయాడు. ఏమీ అనలేదు, ఊరికే ఆమె ముఖం చూశాడు. ఫీల్డర్లు బాల్ ఎయ్యమని, టైం అయితుందని అరిచారు. బౌండరీ బయట కూర్చున్న నేను అలవాటుకొద్దీ అదే అనబోయి నోరు మూసుకున్నాను.

లలిత వాణ్ణి తొందరపెట్టలేదు. తల వంచి నాన్-స్ట్రైకర్ కాళ్ళు ఎక్కడున్నాయో చూసింది. తర్వాత బౌలర్ వైపు తిరిగి, "చెప్పు తమ్మీ, ఏంది?" అని అడిగింది.